వేరుని తిట్టే ముందు పైపు జాయింట్ చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే గోల, చెట్టు వేర్లు డ్రైనేజీ లైన్లోకి దూరడం. అందుకని మిగతావి పక్కన పెట్టి ఈ ఒక్క విషయమే తీసుకున్నాను. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు, ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను.

ప్రశ్న: సార్, మా బాత్రూం లైన్ కొన్ని నెలలకోసారి జామ్ అవుతోంది. ప్లంబర్ వచ్చి స్ప్రింగ్ పెట్టి తిప్పితే లోపల్నుంచి జుట్టు ఉండల్లాగా వేర్లు బయటికొస్తున్నాయి, ఒక్కోటి మూరెడు పొడుగుంటోంది. అంత మెత్తటి వేరు అంత గట్టి పైపుని ఎలా పగలగొట్టుకుని వస్తుంది? పైగా చెట్టు కూడా పైపు పక్కనేం లేదు, బాగా దూరంగానే ఉంది.

జవాబు: పగలగొట్టుకుని రాదండీ, అసలు విషయం అదే. బాగున్న పైపుని, గట్టిగా ఉన్న జాయింట్‌ని ఏ వేరూ పొడుచుకుని రాలేదు. వేరు చివర ఉండే లేత భాగం చాలా సన్నగా ఉంటుంది, మట్టిలో ఎటు తడి తగిలితే అటు తిరుగుతుంది, దానికి తెలిసింది అంతే. మీ లైన్లో ఎక్కడో ఒక జాయింట్ వదులై కొంచెం కొంచెం కారుతోంది, లేదా పైపుకి సన్నటి గీతలాంటి పగులుంది, అక్కణ్ణించి తడీ ఆవిరీ మట్టిలోకి వస్తున్నాయి. చుట్టూ మట్టి ఎండిపోయినా అక్కడ మాత్రం ఏడాది పొడుగునా చెమ్మే. ఆ చెమ్మ దాకా వచ్చిన వేరు దాన్నే పట్టుకుని పోయి ఆ సందులోంచి లోపలికి దూరుతుంది. లోపలికెళ్లాక ఇంక దానికి లోటేముంది, నీళ్లున్నాయి, నైట్రోజన్ ఫాస్ఫరస్ లాంటి పోషకాలున్నాయి, డ్రైనేజీ పైపు ఎప్పుడూ నిండుగా పారదు కాబట్టి పై సగంలో గాలి కూడా ఉంది. వేరు బతకాలంటే నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా కావాలి కదా. మంచినీళ్ల పైపు ఎప్పుడూ నిండుగా ప్రెషర్‌తో ఉంటుంది కాబట్టి దాంట్లోకి వేర్లు వెళ్లడం అరుదు, డ్రైనేజీలోకి వెళ్లడం మామూలు.

మీ ప్లంబర్ లాగిన ఆ జుట్టు ఉండ సాధారణంగా పైపు పై భాగంలోంచో పక్కనుంచో వేలాడుతూ ఉంటుంది. కింద పారే నీళ్లలో కొసలు తడుస్తుంటాయి, వచ్చిన పేపర్ ముక్కా, జిడ్డూ, వెంట్రుకా అన్నీ వాటికే చుట్టుకుంటాయి, అలా గట్టిపడి ఒకరోజు మొత్తం మూసుకుపోతుంది. ఈలోగా సందులో ఇరుక్కున్న వేరు ఏళ్లు గడిచేకొద్దీ లావెక్కుతుంది, అప్పుడు ఆ ఒత్తిడికి పైపు సాకెట్, అంటే ఇంకో పైపు దూరే నోరు, చీలుతుంది, జాయింట్ ఇంకా విచ్చుకుంటుంది. అంటే పగలగొట్టడం అనేది దూరిన తర్వాత జరిగే పని, దూరడానికి ముందు కాదు. తలుపు బార్లా తెరిచిపెట్టి దొంగని తిట్టినట్టుగా ఉంటుంది మనం చెట్టుని తిట్టడం.

ఇక దూరం సంగతి. వేర్లు కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో అంతవరకే పోతాయని చాలామంది నమ్మకం, అది నిజం కాదు, మాను నుంచి కొమ్మల అంచు ఎంత దూరమో దానికి రెండు మూడు రెట్లు దూరం కూడా పోతాయి. లోతుకి మాత్రం మనం ఊహించుకున్నంత పోవు, చాలా చెట్లకి వేర్లలో ఎక్కువ భాగం పై మీటరు మట్టిలోనే ఉంటుంది, అందులోనూ నీళ్లు పీల్చే పిల్లవేర్లు ఇంకా పైపైనే. ఇంటి డ్రైనేజీ పైపు కూడా చాలాచోట్ల ఆ లోతులోనే పోతుంది కాబట్టి రెండూ ఎదురుపడక తప్పదు.

ప్రశ్న: మా ఇంట్లో నీళ్లు మెల్లగా పోతున్నాయి. వేర్లా ఇంకేమన్నానా అని నేల తవ్వకుండా తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది, ముందు మీరే సగం కనిపెట్టచ్చు. ఒక్క సింక్ మాత్రమే మెల్లగా పోతుంటే అది ఆ సింక్ కింద ఉండే వంపు పైపులో (ట్రాప్‌లో) చెత్త, చెట్టుకి సంబంధం లేదు. రెండు మూడు చోట్ల ఒకేసారి మెల్లగా పోవడం, టాయిలెట్ ఫ్లష్ చేస్తే బాత్రూం జాలీలోంచి గుడగుడమని చప్పుడు రావడం, వాషింగ్ మిషన్ నీళ్లు వదిలినప్పుడు ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న జాలీలోంచి నీళ్లు పైకి తన్నడం, ఇవి మెయిన్ లైన్ జామ్ లక్షణాలు. క్లీన్ చేయించిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే చోట అదే తంతు అయితే వేర్ల మీద అనుమానం గట్టిపడాలి, ఎందుకంటే జిడ్డో గుడ్డో అయితే తీశాక అంత క్రమంగా తిరిగి రాదు. పైపు పోయే దారిలో ఒక్కచోట మాత్రం గడ్డి పచ్చగా ఏపుగా ఉన్నా, నేల కొంచెం కుంగినా అక్కడ లీకుందనే లెక్క.

తర్వాత ఛాంబర్ల, అంటే లైన్ మధ్యమధ్యలో కట్టిన తొట్ల మూతలు తీసి చూడండి, ఇది ఖర్చులేని టెస్టు. ఇంట్లో కుళాయి తిప్పి వదిలి ఒక్కో ఛాంబర్ చూసుకుంటూ పోతే, ఏ ఛాంబర్ నిండి ఉందో, దాని తర్వాతది ఎక్కడ ఖాళీగా ఉందో ఆ రెండిటి మధ్యలోనే జామ్. తొంగి చూసినప్పుడు మొహం మరీ దగ్గర పెట్టొద్దు, అగ్గిపుల్ల వెలిగించి చూడ్డం అస్సలు వద్దు, లోపల మీథేన్ ఉండచ్చు, టార్చి వాడండి.

ఇంతవరకూ తేలాక కెమెరా పెట్టించండి. లైన్ జామ్‌లో ఉండగా కెమెరా దూర్చితే మురికినీళ్లు తప్ప ఏం కనపడదు, కాబట్టి ముందు క్లీన్ చేయించి వెంటనే కెమెరా. చాలామంది ఇక్కడే డబ్బు వృథా చేసుకుంటారు, వాళ్లు స్క్రీన్ మీద ఏదో చూపిస్తే అవునవునని తలూపి పంపించేస్తారు. అలా కాదు, రికార్డింగ్ కాపీ తీసుకోండి, ఛాంబర్ నుంచి ఎన్ని మీటర్ల దగ్గర వేరుందో రాయించుకోండి, కెమెరా తలలో సిగ్నల్ పంపే పరికరం ఉంటే పైన నేల మీద సరిగ్గా ఆ చోట మార్కు పెట్టించుకోండి. ఆ మార్కు ఉంటే రేపు తవ్వాల్సి వచ్చినా రెండడుగుల గొయ్యితో పోతుంది, లేకపోతే పెరడంతా తవ్వుతారు. వేర్లతో పాటు పైపు ఎక్కడైనా కుంగి బొజ్జలా వంగి నీళ్లు నిలిచిపోతున్నాయా, రెండు ముక్కలు ఒకదాని ముందు ఒకటి కాకుండా పక్కకి జరిగాయా అనేది కూడా అడగండి.

ప్రశ్న: మైలుతుత్తం టాయిలెట్లో పోస్తే వేర్లు చచ్చిపోతాయని తెలిసినవాళ్లు చెప్పారు. కొందరు కళ్లుప్పు అంటున్నారు, ఇంకొకాయన యాసిడ్ పొయ్యమన్నాడు. ఏది మంచిది?

జవాబు: యాసిడ్ పొయ్యమన్నాయన మాట ముందు మర్చిపోండి. ఇంట్లో పోసే యాసిడ్‌కి గానీ కాస్టిక్ సోడాకి గానీ వేరులోని చెక్క పదార్థం కరిగిపోదు. జామ్ అయి నీళ్లు నిలిచి ఉన్న పైపులో కాస్టిక్ పోస్తే ఆ వేడికి ప్లాస్టిక్ పైపు మెత్తబడచ్చు, జాయింట్ ఇంకా పాడవుతుంది, ఆ తర్వాత వచ్చిన ప్లంబర్ స్ప్రింగ్ లాగినప్పుడు అది అతని మొహం మీద చిమ్ముతుంది. ఒకవేళ ఇప్పటికే ఏదన్నా పోసేసి ఉంటే అతనికి పని మొదలెట్టకముందే చెప్పండి, మొహమాటపడొద్దు. బ్లీచింగ్, యాసిడ్ రెండూ ఒకే లైన్లో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న బాత్రూంలో అది ప్రాణం మీదకొస్తుంది.

మైలుతుత్తం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో కొంత నిజముంది. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, అందులోని రాగి వేర్లకి విషమే, సన్న వేర్లని తగిలినచోట చంపుతుంది. చిక్కెక్కడంటే తగలాలి కదా. మీరు టాయిలెట్లో పోసింది నీళ్లలో కరిగి పైపు అడుగు వెంట జారిపోతుంది, వేర్లేమో పైనుంచి వేలాడుతున్నాయి, కొసలు మాత్రం కాస్త తడుస్తాయి, అవి చస్తాయి, పైన మొదలు హాయిగా ఉంటుంది, మళ్లీ కొత్త కొసలు వేస్తుంది. పూర్తిగా జామ్ అయిన లైన్లో పోస్తే అసలు వేరు దాకా చేరదు. దీనికి తోడు అది లోహపు పైపుల్ని తినేస్తుంది, చివరికి ఏ చెరువులోనో వాగులోనో కలిస్తే చేపలకీ నీటి జీవులకీ విషం, సెప్టిక్ ట్యాంక్ ఉన్నవాళ్లకైతే లోపల పనిచేసే బాక్టీరియాకి దెబ్బ. అందుకే కొన్నిచోట్ల డ్రైనేజీలో దాని వాడకం మీద ఆంక్షలున్నాయి, ముందు మీ దగ్గర రూల్ కనుక్కోండి.

దీనికన్నా మెరుగైనది నురగ మందు. డైక్లోబెనిల్ అనే రసాయనం కలిపిన నురగని మిషన్‌తో పైపు నిండా ఎక్కిస్తారు, నురగ కాబట్టి పై భాగానికి కూడా అంటుకుంటుంది, తగిలిన వేరు చచ్చి కొంతకాలం కొత్తది రాకుండా ఆపుతుంది, ఆ మందు చెట్టంతా పాకదు కాబట్టి చెట్టు బతికే ఉంటుంది. ఇది ఇంట్లో మనం చేసుకునే పని కాదు, ట్రైనింగ్ ఉన్నవాళ్లు చెయ్యాలి, కొన్ని దేశాల్లో ఆ మందే ఆపేశారు. ఇక కళ్లుప్పు, కొంచెం వేస్తే ఏం కాదు, వేర్లకీ ఏం కాదు, బస్తాలు బస్తాలు వేస్తే మట్టి చెడుతుంది, సిమెంట్ దెబ్బతింటుంది, ఇనుము తుప్పు పడుతుంది.

ఏ మందైనా సందుని మూయదు, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రశ్న: మా ప్లంబర్ ప్రతి ఏడాదీ వచ్చి మిషన్‌తో కోసి వెళ్తా, లైఫ్ లాంగ్ అంతే అంటున్నాడు. స్ప్రింగ్ మిషన్ మంచిదా, ప్రెషర్ నీళ్లతో కొట్టేది మంచిదా?

జవాబు: స్ప్రింగ్ మిషన్ అంటే పొడవాటి తీగ చివర బ్లేడు తిరుగుతూ వేరుని కోస్తుంది. దారి తెరుస్తుంది గానీ గోడకి అంటుకున్నదంతా తియ్యదు, మధ్యలో బొక్క పెట్టి వచ్చేస్తుంది చాలాసార్లు. ప్రెషర్ జెట్టింగ్‌లో నాజిల్ వెనక్కి నీళ్లు కొడుతూ ముందుకు పోతుంది, సన్న వేర్లనీ జిడ్డునీ గోడ నుంచి ఒలిచేస్తుంది, లావు వేర్లకి మాత్రం కోసే తల తగిలించాలి. కాబట్టి లావు వేరుంటే ముందు కోత, తర్వాత జెట్టింగ్. మీది పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపో పాత సిమెంట్ పైపో అయితే అతనికి ముందే చెప్పండి, ప్రెషర్ తగ్గించి కొట్టాలి, ఇప్పటికే చీలిన ముక్క ఊడి పడిందంటే ఉన్న దారి కూడా పోతుంది.

ప్రతి ఏడాదీ అనే మాటలో మోసమేం లేదు, నిజమే చెప్తున్నాడు. మొక్కల కంచెని కత్తిరిస్తే ఎలా గుబురుగా పక్కలకి వేస్తుందో వేరు కూడా కోసినచోట అలాగే నాలుగు పాయలు వేస్తుంది, చెట్టునిబట్టి కొన్ని నెలల్లోనో ఒకట్రెండేళ్లకో తిరిగి నిండుతుంది, ఈలోగా మొదలు లావెక్కుతూ జాయింట్‌ని తెరుస్తూనే ఉంటుంది. రిపేరుకి డబ్బు కూడేదాకా, లేదా మీరు అద్దెకుంటున్న ఇల్లైతే, ఏటా కోయించుకోవడం తప్పు కాదు. సొంతిల్లయ్యుండి పదేళ్లు అలాగే లాగించడం మాత్రం నాకు నచ్చదు, లెక్క వేసుకుంటే ఆ ముక్క మార్పించడమే నయం.

ప్రశ్న: చెట్టు కొట్టేస్తే పోతుందని ఒకరు, వద్దని ఒకరు, మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మీరు ఎటు?

జవాబు: నేను వద్దనే పార్టీ, కానీ గుడ్డిగా కాదు. ముందు కొట్టేస్తే ఏమవుతుందో చూడండి. చాలా జాతులు మోడు నుంచి మళ్లీ పిలకలు వేస్తాయి, పిలకలు బతికున్నంతకాలం వేర్లు బతికే ఉంటాయి. మోడు పూర్తిగా చచ్చినా పైపులో ఉన్న వేరు వెంటనే మాయమవదు, మెల్లగా కుళ్లుతుంది, కుళ్లినచోట మట్టిలో ఖాళీ ఏర్పడి పైపు కుంగచ్చు. బంకమట్టి నేలైతే ఇంకో తంటా, పెద్ద చెట్టు రోజూ లాగే నీళ్లు లాగేవాళ్లు లేక మట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి గోడలు కూడా పగిలిన సందర్భాలున్నాయి. ఇంతా చేశాక కారే జాయింట్ కారుతూనే ఉంటుంది, ఇంకో చెట్టు వేరు వస్తుంది, అది పక్కింటి చెట్టయినా కావచ్చు.

అలాగని వేర్లు నరికేస్తే చాలు అనుకోకండి. మాను దగ్గరగా ఒకవైపు వేర్లన్నీ నరికేస్తే చెట్టుకి ఆ వైపు పట్టు పోతుంది, గాలివానకి ఇంటి మీదే పడుతుంది. బ్రిటన్‌లో కట్టడాల దగ్గర చెట్ల కోసం బీఎస్ 5837 అనే స్టాండర్డ్ ఉంది, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో మాను అడ్డం ఎంతుందో కొలిచి దానికి 12 రెట్ల దూరం వరకు చుట్టూ వేర్లని ముట్టుకోకుండా కాపాడాలంటుంది. అంటే మాను అడ్డం 30 సెంటీమీటర్లుంటే 3.6 మీటర్లు. పాత ఇళ్లలో అంత జాగా ఎక్కడుంటుంది అంటారు, నిజమే, కానీ ఆ లెక్క చూస్తే మాను పక్కనే గోతులు తవ్వడం ఎంత రిస్కో అర్థమవుతుంది. అంత దగ్గర్లో తవ్వక తప్పదంటే చెట్ల నిపుణుణ్ణి పిలిచి చూపించాకే.

కొట్టెయ్యాల్సిందే అని నేను చెప్పే సందర్భం ఒకటే, పైపు మీదే మొలిచిన రావి, మర్రి, జువ్వి లాంటిది ఇంకా చిన్నగా ఉన్నప్పుడు. ఈ జాతి వేర్లు మహా మొండివి, పెద్దయ్యాక వాటితో వేగలేం.

ప్రశ్న: కొత్త ఇల్లు కడుతున్నాం. డ్రైనేజీ ఇంకా వెయ్యలేదు. చెట్లూ కావాలి, ఈ గొడవా రాకూడదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మంచి టైంలో అడిగారు, ఈ ఉత్తరాలు రాసినవాళ్లందరూ ఈ స్టేజీలో ఉంటే బాగుండేది.

పైపు విషయానికొస్తే, జాయింట్లు ఎన్ని తక్కువుంటే అంత మంచిది, అందుకే పొట్టి పొట్టి ముక్కల స్టోన్‌వేర్, సిమెంట్ పైపులకన్నా పొడవాటి పీవీసీ నయం. అయితే పీవీసీ వేశాం కదా అని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోకండి, పీవీసీ లైన్లలోకి కూడా వేర్లు వెళ్తాయి, తప్పంతా జాయింట్ చేసే తీరులో ఉంటుంది. సైట్లో నిలబడి ఇవి చూడండి. పైపుని వంకరగా కాకుండా తిన్నగా కోశాడా, కోసిన అంచు గీకి నున్నగా చేశాడా, మట్టీ తడీ తుడిచాడా, సాల్వెంట్ సిమెంట్ (పీవీసీ అతికించే జిగురు) చుట్టూ రాసి పూర్తిగా లోపలికి నెట్టి కాసేపు కదలకుండా పట్టుకున్నాడా. రబ్బర్ రింగ్ జాయింట్ అయితే రింగ్ మెలిక పడకుండా, మధ్యలో ఇసుక ఇరుక్కోకుండా. ఫిట్టింగ్ లేదని పైపు నోరు మంట మీద కాల్చి సాగదీసి ఇంకో పైపు దూర్చేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చెయ్యనివ్వకండి, సమానంగా సాగదు, సందు మిగులుతుంది.

ఎక్కువమంది చూసుకోని చోటు పైపు ఛాంబర్ గోడలోకి దూరే చోటు. ఇటుక గోడకి బొక్క కొట్టి పైపు దూర్చి చుట్టూ సిమెంట్ మెత్తేస్తారు. నున్నటి పీవీసీకి సిమెంట్ పట్టదు, ఎండాక చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది, వేరుకి అంతకన్నా ఏం కావాలి? ఆ ముక్క మీద సాల్వెంట్ సిమెంట్ రాసి పచ్చిగా ఉండగానే గరుకు ఇసుక చల్లి ఆరనిస్తే పైన గరుకు పొర వస్తుంది, దానికి సిమెంట్ బాగా పడుతుంది. రబ్బర్ సీల్ ఉన్న రెడీమేడ్ ప్లాస్టిక్ ఛాంబర్ పెడితే ఇంకా మంచిది.

పైపు కింద రాళ్లూ ఇటుక ముక్కలూ లేకుండా ఇసుక పరిపించండి, వాలు సమంగా ఉండాలి, 4 అంగుళాల పైపుకి పాత మేస్త్రీల లెక్క 40 అడుగులకి ఒక అడుగు. గొయ్యి మూసేటప్పుడు మట్టి పొరలు పొరలుగా వేసి గట్టిగా దిమ్మిస కొట్టించండి. వదులు మట్టిలోనే వేరు ఇష్టంగా పోతుంది, డ్రైనేజీ గొయ్యి వదులుగా వదిలేస్తే మీరే దానికి రోడ్డు వేసిచ్చినట్టు. మూసే ముందు ఒక టెస్టు అడగండి, కింది చివర బిరడా బిగించి పై చివర నిలువు పైపు పెట్టి మీటరున్నర ఎత్తు నీళ్లు నింపి అరగంట చూడాలి, మట్టం పడిపోతుంటే ఎక్కడో కారుతోంది. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

చెట్ల సంగతి. పూల పొదలకి పైపు నుంచి మీటరు, మీటరున్నర దూరం చాలు, మధ్యరకం చెట్లకి 3 మీటర్లు, రావి మర్రి జాతి, యూకలిప్టస్, పాకే రకం వెదురు లాంటివాటికి 6 మీటర్లకి తగ్గకుండా ఉంచమంటాను, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. జాగా లేదంటే వేరు అడ్డుగోడ వేయించండి, అంటే మందమైన హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు నేలలో నిలువుగా పాతడం. సాధారణంగా 60 నుంచి 90 సెంటీమీటర్ల లోతు వేస్తారు, మీ పైపు అంతకన్నా లోతుగా ఉంటే షీటు పైపు అడుగు దాటి దిగాలి. పై అంచు నేల మట్టానికి కొంచెం పైకే ఉంచండి, లేకపోతే వేరు పైనుంచి దాటేస్తుంది. షీట్లు కలిసేచోట ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కించి అతికించాలి. చెట్టు చుట్టూ బావిలా కాకుండా పైపు పక్కన, పైపుకి దగ్గరగా వెయ్యండి, చెట్టుకి మిగతా మూడు వైపులా వేరు పారడానికి చోటుండాలి. ఇది కోటగోడేం కాదు, కింద మట్టి గుల్లగా ఉంటే కిందనుంచి వెళ్లే వేర్లుంటాయి, కానీ గట్టి జాయింటూ ఈ షీటూ రెండూ ఉంటే చాలాకాలం నిశ్చింత. మొక్కలకి నీళ్లు పెట్టే పైపు కూడా డ్రైనేజీ వైపు కాకుండా అవతలి వైపు పెట్టుకోండి.

ప్రశ్న: తవ్వకుండానే పాత పైపు లోపల కొత్త పైపు చేస్తామని ఒక కంపెనీ వాళ్లు వచ్చి చెప్పారు. నమ్మచ్చా?

జవాబు: పద్ధతి నమ్మదగిందే. ఇంగ్లండ్‌కి చెందిన ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు 1971లో లండన్లో ఒక కారే పైపుకి మొదటిసారి ఇలా చేశాడు, అప్పట్నుంచీ ప్రపంచమంతా వాడుతున్నారు. రెజిన్‌లో, అంటే తర్వాత గట్టిపడే జిగురు లాంటి ద్రవంలో, నానబెట్టిన గుడ్డ గొట్టాన్ని పాత పైపులోకి పంపి, గాలితోనో నీళ్లతోనో ఉబ్బించి గోడకి ఆనించి, వేడినీళ్లతోనో ఆవిరితోనో యూవీ లైటుతోనో గట్టిపరుస్తారు. దీన్నే లైనింగ్ అంటారు. లోపల అతుకుల్లేని పైపు తయారవుతుంది, లోపలి వెడల్పు కొంచెమే తగ్గుతుంది. మధ్యలో జాయింట్లే ఉండవు కాబట్టి వేర్ల సమస్యకి ఇది బాగా సరిపోయే మందు.

అడగాల్సినవి అడగండి. వెయ్యకముందు వేర్లన్నీ గోడ దాకా ఒలిచి కెమెరాలో చూపించాలి, వేరు మీదే లైనింగ్ వేస్తే అక్కడ ముడత పడుతుంది. పక్కనుంచి వచ్చి కలిసే చిన్న లైన్ల నోళ్లు మూసుకుపోతాయి, వాటిని లోపల్నుంచి కోసి తెరవాలి, ఆ కోసిన అంచు చుట్టూ సీల్ చెయ్యకపోతే వేరు మళ్లీ అక్కణ్ణించే వస్తుంది, రెండు చివర్లా కూడా అంతే. పైపు కూలిపోయి ఉన్నా, బొజ్జలా కుంగి ఉన్నా లైనింగ్ పనికిరాదు, ఎందుకంటే అది పాత పైపు ఎలా ఉంటే అలాగే తయారవుతుంది. మీకు పాడైంది ఒక్క జాయింటే, అది కూడా మీటరు లోతులోపే ఉంటే తవ్వి ఆ ముక్క మార్చుకోవడమే సులువు, అంతదానికి లైనింగ్ ఎందుకు.

ప్రశ్న: సెప్టిక్ ట్యాంక్ చుట్టూ చెట్లున్నాయి. మూత పక్కనుంచి వేర్లు కనపడుతున్నాయి. లోపలికి దిగి కోయించాలా?

జవాబు: ఎవర్నీ దింపకండి. ఇది గట్టిగా చెప్తున్నా. సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కదా అదే, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు, వాసన పోయింది కదా అని దిగిన మనిషి అక్కడే పడిపోతాడు, కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా. ఖాళీ చేయించిన ట్యాంకైనా సరే, మూత తీసి గంటసేపు గాలికి వదిలినా సరే దిగకూడదు.

ట్యాంకర్ పిలిచి ఖాళీ చేయించి, పైనుంచే వేర్లు కోయించి, మూత చుట్టూ, ఇన్‌లెట్ ఔట్‌లెట్ పైపుల చుట్టూ ఉన్న సందులు సీల్ చేయించండి. ట్యాంక్ తర్వాత నీళ్లు నేలలోకి ఇంకే బొక్కల పైపులుంటే వాటి సంగతి వేరు, అవి కారడానికే పెట్టినవి కాబట్టి సీల్ అనే మాటే లేదు, వాటి మీదా చుట్టుపక్కలా గడ్డి తప్ప చెట్టు ఉండకూడదు. అక్కడ మైలుతుత్తం కూడా వద్దు.

ప్రశ్న: కొబ్బరి చెట్టు వేర్లు పైపు పగలగొడతాయా?

జవాబు: కొబ్బరి, తాటి, ఈత జాతికి వేర్లు మిగతా చెట్లలా ఏటా లావెక్కవు, పుట్టినప్పుడు ఎంత లావో దాదాపు అంతే ఉంటాయి. కాబట్టి పైపుని చీల్చడం వాటి వల్ల అరుదు. తెరిచి ఉన్న సందు దొరికితే దూరి పీచులా నింపడం మాత్రం అవీ చేస్తాయి.

ప్రశ్న: మా పైపులో ఉన్న వేరు పక్కింటి చెట్టుది. వాళ్లు ఒప్పుకోవట్లేదు. రాత్రిపూట చెట్టు మొదట్లో ఏదన్నా పోసేస్తే?

జవాబు: పొయ్యకండి. చచ్చిన చెట్టు ఎండి ఎటు పడుతుందో మీ చేతుల్లో ఉండదు, పోసిన మందు వానకి మీ మట్టిలోకే వస్తుంది, పట్టుబడితే కేసు కూడా. పక్కవాళ్ల చెట్టు వేరు మీ స్థలంలోకి వస్తే ఏం చెయ్యచ్చు అనే చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంది, అది లాయర్‌ని అడగాల్సిన ప్రశ్న, నా కాలమ్‌ది కాదు.

నేను చెప్పగలిగింది పైపు గురించే. చెట్టు వాళ్లది, కారే జాయింట్ మీది. ముందు కెమెరా రికార్డింగ్ తీయించి మీ వైపు ముక్క మార్పించుకోండి. గొయ్యి తవ్వి ఉన్నప్పుడే వాళ్లని పిలిచి చూపించి, మీ హద్దు లోపల వేరు అడ్డుగోడ షీటు వేసుకుంటున్నామని చెప్పండి. ఒకే గొయ్యిలో రెండు పనులూ అయిపోతాయి, ఖర్చులో పాలు పంచుకుంటారా అని కూడా అప్పుడే అడిగి చూడండి, కళ్లముందు వేరు కనపడుతుంటే కాదనడం కష్టం.